మూడంకెల తేడాతో ఓడాం. కేసుకు చందా ఇవ్వాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి

మిర్చియార్డు అడిగిన ప్రశ్న:

అసెంబ్లీ ఫలితం వచ్చి నెల కావస్తోంది. నియోజకవర్గం పేరు, పార్టీ పేరు రాయను. రాస్తే అసలు విషయం పక్కకుపోయి మీ పార్టీ, మా పార్టీ అని మొదలవుతుంది.

మా అభ్యర్థి మూడంకెల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నేను కౌంటింగ్ ఏజెంటుగా లోపల ఉన్నాను. మధ్యాహ్నం దాకా మేమే ముందు. చివరి రెండు రౌండ్లలో తారుమారైంది. రీకౌంటింగ్ అడిగామని మావాళ్లు అంటున్నారు. కాగితం మీద రాసిచ్చామని ఒకరు, నోటితో అడిగితే కుదరదన్నారని ఇంకొకరు. ఏజెంట్లకూ సిబ్బందికీ మధ్య కట్టిన జాలీకి అవతల మూలన నా టేబులు ఉంది, ఆర్వో (రిటర్నింగ్ అధికారి) దగ్గర ఏం జరిగిందో నాకు కనబడలేదు.

ఇప్పుడు హైకోర్టులో కేసు వేస్తామని, ఈవీఎంలు తెరిపిస్తామని, ఆర్నెల్లలో మళ్లీ మనమే అని ఊరూరా తిరిగి చందాలు అడుగుతున్నారు. మా నాన్న కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి బస్తాలు కొన్ని అమ్మి ఇస్తానంటున్నాడు. ధర పెరుగుతుందని ఆపుకున్న సరుకది. వద్దంటే "గెలిచినవాళ్లు మన బజారులోనే డప్పులు కొట్టారు, నీకు రోషం లేదా" అని అడుగుతున్నాడు. రోషం నాకూ ఉంది. ఆ రోజు నుంచి మా పక్కింటివాళ్లతో మాటల్లేవు. వాళ్లబ్బాయీ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం.

నాకు ఓదార్పు వద్దు. నిజంగా చేయగలిగింది ఏముందో, ఎంతకాలం పడుతుందో, దేనికి ఎంత ఖర్చో తెలిస్తే నాన్నకు చెప్పుకోగలను.

---

రిటైర్డ్ హెచ్చెమ్ సమాధానం:

బాబూ, నా సర్వీసంతా ఎన్నికల డ్యూటీలు పడుతూనే వచ్చాయి. పోలింగ్‌కి ప్రిసైడింగ్ ఆఫీసరుగా, లెక్కింపులో కౌంటింగ్ సూపర్‌వైజరుగా చేశాను. నువ్వు జాలీకి అటు కూర్చున్నావు, నేను ఇటు కూర్చునేవాణ్ని. అందుకని నాకు తెలిసింది వివరంగా చెబుతాను.

ముందు రీకౌంటింగ్ సంగతి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వది చదువు. లెక్క పూర్తయ్యాక ఆర్వో ఎవరికెన్ని వచ్చాయో చదివి వినిపించాలి. అప్పుడు అభ్యర్థి గానీ, ఆయన లేకపోతే ఎలక్షన్ ఏజెంటు గానీ, కౌంటింగ్ ఏజెంటు గానీ రీకౌంటింగ్ కోరుతూ అర్జీ ఇవ్వొచ్చు. అది రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు రాయాలి. ఆర్వో ఒప్పుకోవచ్చు, కొంతవరకే ఒప్పుకోవచ్చు, పసలేని అర్జీ అనుకుంటే కొట్టేయొచ్చు. ఏం చేసినా కారణాలతో రాసి ఇవ్వాలి. అర్జీ పెట్టుకునేందుకు తగిన వ్యవధి కూడా ఇవ్వాలి. ఆ తర్వాత ఫారం 20 మీద, అంటే ఫలితాల పట్టిక మీద, ఆయన సంతకం పడిందంటే రీకౌంటింగ్ అర్జీ తీసుకునే అధికారం ఇక ఆయనకు లేదు. కాబట్టి మీవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: మీరు ఇచ్చిన అర్జీ నకలు, ఆర్వో రాసి ఇచ్చిన జవాబు చూపించండి. అవి ఉంటే కేసుకు ఒక పునాది ఉన్నట్టు. లేకపోతే "మేం అడిగాం" అన్న మాటకు కోర్టులో బరువు తక్కువ.

ఇంత దగ్గరి పోటీలో చేయాల్సిన పనంతా ఆ అరగంటలోనే ఉంటుంది. గెలిచేవాళ్లు అప్పుడు సంబరంలో ఉంటారు, ఓడేవాళ్లు తల పట్టుకుని బయటికి వచ్చేస్తారు. లోపల మిగిలేది నీలాంటి కుర్రాళ్లు. వాళ్ల చేతిలో ఒక తెల్లకాగితం పెట్టి "తేడా వెయ్యి లోపు ఉంటే ఇది రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో" అని ముందురోజే చెప్పే నాయకుడు ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు చందాలకు తిరిగేవాళ్లు ఆ రోజు ఈ పని చేశారా అని అడిగే హక్కు మీ నాన్నకు ఉంది.

ఇక యంత్రాల విషయం. టేబుల్ దగ్గర నువ్వు చూసే ఉంటావు. ఈవీఎంలో ఓట్లు నమోదై ఉండే కంట్రోల్ యూనిట్‌ను పెట్టెలోంచి తీసి నంబరు, సీళ్లు ఏజెంట్లకు చూపిస్తాం. కాగితం సీలును చించి రిజల్ట్ బటన్ నొక్కుతాం. మొత్తం ఓట్లు వస్తాయి, ఆ తర్వాత ఒకటో అభ్యర్థి, రెండో అభ్యర్థి అంటూ వరసగా అంకెలు వస్తాయి. నేనైతే యూనిట్‌ను రెండు చేతులతో జాలీ దాకా ఎత్తి పట్టుకునేవాణ్ని. ఎవరైనా "సరిగా కనబడలేదు" అంటే మళ్లీ నొక్కి చూపించేవాణ్ని. యంత్రం ఎన్నిసార్లు నొక్కినా అదే అంకె చెబుతుంది. అందుకే ఈవీఎం రీకౌంటింగ్‌లో అంకె మారడమంటే, సాధారణంగా ఎవరో ఎక్కించేటప్పుడు తప్పు రాసి ఉండాలి.

ఆ తప్పును మీరు ఈ రోజే పట్టుకోవచ్చు. పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసరు ఏజెంట్లకు ఫారం 17సి నకలు ఇస్తాడు. అందులో కంట్రోల్ యూనిట్ నంబరు, పోలైన ఓట్లు ఉంటాయి. లెక్కింపు రోజు దాని రెండో భాగంలో అభ్యర్థుల వారీగా ఓట్లు రాస్తాం, ఏజెంట్లు సంతకం పెడతారు. బూత్‌లవారీ ఫలితం ఫారం 20లో ఉంటుంది. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా దించుకోవచ్చు. మీ ఏజెంట్ల దగ్గరున్న 17సిలు అన్నీ తెప్పించు. స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని బూత్ బూత్‌కీ ఫారం 20తో సరిచూడు. ఒకరు చదవండి, ఒకరు టిక్కు పెట్టండి. ఎక్కడైనా తేడా కనబడితే దాన్ని వకీలు దగ్గరికి పట్టుకెళ్లు. తేడా లేకపోతే యంత్రాల మీద అనుమానం అక్కడికి చాలావరకు తీరిపోతుంది.

ఇంకో రెండు చోట్ల చూడాలి. పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసే మాక్ పోల్ ఓట్లు తుడపకుండా పోలింగ్ మొదలెట్టిన యంత్రం గానీ, 17సితో మొత్తం కలవని యంత్రం గానీ ఉంటే దాన్ని పక్కన పెడతారు. మెజారిటీ ఆ బూత్ ఓట్లకంటే ఎక్కువైతే దాన్ని ముట్టుకోరు. తక్కువైతే వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు వేయగానే యంత్రం అచ్చువేసే కాగితాలు, లెక్కించాలి. అలాంటివి ఎన్ని ఉన్నాయి, ఏం చేశారు అన్నది కనుక్కో. లాటరీ తీసి అయిదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు ఎలాగూ లెక్కిస్తారు, 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పటినుంచి అది నియమం.

రెండోది పోస్టల్ బ్యాలెట్ల బల్ల. నా ఉద్దేశంలో దగ్గరి పోటీల్లో అందరికంటే గట్టి ఏజెంటును కూర్చోబెట్టాల్సింది అక్కడే. పార్టీలేమో బాగా లెక్కలొచ్చినవాణ్ని ఈవీఎంల దగ్గర పెట్టి, మిగిలినవాణ్ని పోస్టల్‌కు పంపుతాయి. యంత్రం దగ్గర వాదన ఉండదు, వాదనంతా కాగితం దగ్గరే. ఓటుతోపాటు ఓటరు సంతకం పెట్టి పంపే డిక్లరేషన్ లేకపోతే చెల్లదు. దాని మీద అధికారి ధ్రువీకరణ లేకపోతే చెల్లదు. డిక్లరేషన్ మీది నంబరు, లోపలి కవరు మీది నంబరు కలవకపోతే ఆ కవరు తెరవనే తెరవరు. ఇద్దరికి టిక్కు పెడితే చెల్లదు. ఇవన్నీ వేసేది ఎవరు? మాలాంటి ఉద్యోగులమే, టీచర్లమే. ప్రతిసారీ కట్టలుగా చెల్లకుండా పోతుంటే చూసి బాధపడ్డాను. ఊరందరికీ ఓటు ఎలా వేయాలో నేర్పేవాళ్ల ఓటే బుట్టదాఖలవడం ఎంత అన్యాయం! 2024లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ డిక్లరేషన్ మీద అధికారి సంతకం చాలా, సీలు కూడా ఉండాలా అన్న గొడవ హైకోర్టు దాకా, లెక్కింపుకు ఒక్కరోజు ముందు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంతకం చాలన్న ఎన్నికల సంఘం మాటే నిలిచింది.

నీకు పనికొచ్చే ముక్క ఇది: తిరస్కరించిన పోస్టల్ ఓట్ల సంఖ్య కంటే మెజారిటీ తక్కువైతే, ఫలితం ప్రకటించకముందే ఆ తిరస్కరించినవన్నీ మళ్లీ పరిశీలించి తీరాలి. ఎన్నికల సంఘం ఆదేశం అది. మీ దగ్గర ఎన్ని తిరస్కరించారో చూడు.

తేడా తక్కువైనంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు, బాబూ. 2014లో మంగళగిరిలో ఆళ్ల రామకృష్ణారెడ్డి 12 ఓట్లతో గెలిచారు. 2019లో విజయవాడ సెంట్రల్లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఒక్కటంటే ఒక్క ఓటుతో ఓడిపోయారు, 62,216కి 62,215. లక్షన్నర, రెండు లక్షల మంది ఓటేసే చోట ఒకోసారి అలా పడుతుంది.

---

వకాల్తా సమాధానం:

మాస్టారు చెప్పినవాటికి కోర్టు వైపు నుంచి కొంచెం చేరుస్తాను. నేను ఎన్నికల పిటిషన్లు చూసే సీనియర్ దగ్గర పనిచేస్తున్నాను.

ఫలితం ప్రకటించాక ఉన్న దారి ఎన్నికల పిటిషన్ ఒక్కటే, అది హైకోర్టులోనే వేయాలి. గడువు 45 రోజులు. నెల కావస్తోందంటున్నారు కాబట్టి మీకు మిగిలింది పక్షం రోజులే. ఈ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు ఈ చట్టంలో లేదు. కోర్టులో కట్టాల్సిన పూచీకత్తు 2,000 రూపాయలు. అంటే చందా డబ్బు కోర్టు కోసం కాదు, వకీళ్ల కోసం, తిరుగుళ్ల కోసం. ఇంకోమాట, ఓడిన అభ్యర్థే వేయాలని లేదు. ఆ ఎన్నికలో ఓటు హక్కున్న ఎవరైనా వేయొచ్చు. మీ నాన్నగారు కూడా.

కానీ వేయడం వేరు, నిలవడం వేరు. "మాకు అనుమానంగా ఉంది, పెట్టెలు తెరిచి చూడండి" అంటే కోర్టు ఒప్పుకోదు. ఏ బూత్, ఏ టేబుల్, ఎన్ని ఓట్లు, అప్పుడే అభ్యంతరం చెప్పారా, దానికి కాగితం ఉందా అని అడుగుతుంది. తప్పు జరిగిందని చూపిస్తే చాలదు, దానివల్లే ఫలితం మారిందనీ చూపించాలి. నకళ్ల మీద సంతకాలు సరిగా లేవని, చేర్చాల్సిన అభ్యర్థిని ప్రతివాదిగా చేర్చలేదని విచారణకు రాకుండానే పోయిన పిటిషన్లు చూశాను. ఎదుటివారి ఎన్నిక రద్దు చేయడంతోపాటు మా అభ్యర్థిని గెలిచినట్టు ప్రకటించండి అని కూడా అడిగితే, పోటీచేసిన అందరినీ ప్రతివాదులుగా చేర్చి తీరాలి. ఇది మరిచిపోయే వకీళ్లున్నారు.

ఆర్నెల్ల మాట గురించి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నమాట నిజమే. జరిగేది చూడండి. 2018 డిసెంబరు ఎన్నిక మీద వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొత్తగూడెం ఎమ్మెల్యే వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక రద్దు చేసి జలగం వెంకటరావును గెలిచినట్టు ప్రకటించింది. ఆగస్టులో గద్వాల బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నిక రద్దు చేసి డి.కె.అరుణను ప్రకటించింది. రెండూ అఫిడవిట్‌లో వివరాలు దాచారన్న కేసులు, ఓట్ల లెక్కవి కావు. రెండింటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ ఎన్నికలే వచ్చేశాయి. గెలిచిన కేసుల గతే ఇది.

ఈవీఎంలు తెరిపిస్తామన్నది వేరే దారి. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల మెమరీని పరిశీలించమని అడగొచ్చు. ఆ అర్జీ ఫలితం వచ్చిన 7 రోజుల్లోపే ఇవ్వాలి. 2024లో ఎన్నికల సంఘం ఒక్కో యంత్రాల సెట్‌కు 40,000 రూపాయలు, జీఎస్టీ అదనం అని ఖరారు చేసింది. ఒంగోలులాంటి చోట్ల అర్జీలు పెట్టారు కూడా. మీవాళ్లు ఆ వారంలో పెట్టి ఉంటే దాని రసీదు ఉంటుంది, అడగండి. పెట్టకపోతే ఇప్పుడు దాని పేరు చెప్పి డబ్బు అడగడం న్యాయం కాదు.

---

ధర్మపురి తొవ్వ సమాధానం:

తమ్ముడూ, మాది జగిత్యాల జిల్లా. ఈ తిప్పలు మేం ఐదేండ్లు కండ్లార జూసినం.

2018ల మా ధర్మపురిల కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతోని గెలిచిండు. ఓడిపోయిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ లెక్క తప్పని హైకోర్టుకు పోయిండు. 2023 ఏప్రిల్‌ల కోర్టు చెప్తే స్ట్రాంగ్‌రూమ్ తెరుద్దామని పోయిన్రు, తాళంచెవులు దొరకలే. పెద్ద లొల్లి అయింది. మళ్ల కోర్టు ఒప్పుకుంటే తాళాలు పగలగొట్టి కాయితాలు తీసిన్రు. అప్పటికి నాలుగేండ్లు దాటింది. ఆఖరుకు లక్ష్మణ్‌కుమార్ ఎమ్మెల్యే అయింది దేనితోని? 2023 నవంబరుల మళ్ల ఓట్లు పడ్డంక, జనం ఇరవై వేల పైన మెజారిటీ ఇచ్చినంక. కేసు ఏసుడు తప్పు అంటలేను. ఆయన కొట్లాడిండు కాబట్టే తాళాల సంగతి బయటపడ్డది, ఆ పట్టుదల మంచిదే. కని ఆ ఐదేండ్లు ఊరూరు తిరుగుడు కూడ ఆపలే.

ఇగ పక్కింటోళ్లతోని మాటలు బంద్ అన్నవు సూడు, దానికి ఒకటి చెప్త. 2018ల ఆసిఫాబాద్‌ల కాంగ్రెస్ నుంచి ఆత్రం సక్కు 171 ఓట్లతోని టీఆర్ఎస్ కోవ లక్ష్మి మీద గెలిచిండు. కొన్ని నెలలకే టీఆర్ఎస్‌ల కలిసిండు. 2023ల చేవెళ్లల బీఆర్ఎస్ కాలె యాదయ్య 268 ఓట్లతోని కాంగ్రెస్ మీద గెలిచిండు, 2024 జూన్‌ల కాంగ్రెస్‌లకే పోయిండు. ఆ 171 ఓట్ల కోసం, ఆ 268 ఓట్ల కోసం ఊర్లల్ల అన్నదమ్ములు మాట్లాడుకునుడు బంద్ చేసి ఉంటరు. నాయకులేమో ఒక్క కండువతోని ఒక్కటయిన్రు. మీ దోస్తు ఇంటికి నువ్వే ముందు పో.

---

మిర్చియార్డు:

మాస్టారూ, అందరికీ నమస్కారం. ఫారం 20 దించుకున్నాను. మండలంలో మా ఏజెంట్ల దగ్గర దొరికిన 17సిలన్నీ రెండు రాత్రులు కూర్చుని సరిచూశాం. దొరికినవాటిలో ఒక్క అంకె తేడా లేదు. కొన్ని బూత్‌లవి ఎవరి దగ్గరా లేవు, వాటి కోసం పక్క మండలానికి మనిషిని పంపాం. తిరస్కరించిన పోస్టల్ ఓట్లు మెజారిటీ కంటే తక్కువే ఉన్నాయి. రీకౌంటింగ్ అర్జీ నకలు చూపించమని అడిగితే చూపిస్తామన్నారు, ఇంకా చూపించలేదు.

నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. అర్జీ కాగితం చూశాకే డబ్బు మాట అన్నాడు. బస్తాలు ఇంకా స్టోరేజీలోనే ఉన్నాయి. పక్కింటికి మాత్రం ఇంకా వెళ్లలేదు.

ఒక్క సందేహం మిగిలింది. మా బూత్‌లో జాబితాలో పేరు లేక వెనక్కి పోయినవాళ్లు ఉన్నారు. పోయిన ఎన్నికకు ఓటేసినవాళ్లే. దీన్ని కేసులో పెట్టొచ్చా?

---

రిటైర్డ్ హెచ్చెమ్:

జాబితాలో పేరు ఉండాల్సింది, లేదు అన్నదాన్ని ఎన్నికల పిటిషన్‌లో తిరగదోడడం కుదరదు. నామినేషన్ల నాటికి ఉన్న జాబితానే ఆ ఎన్నికకు ఆఖరు. కాబట్టి దానికోసం వకీలుకు డబ్బు పోయకండి.

చేయాల్సిన పని వేరే ఉంది, అది ఇవాళే మొదలుపెట్టొచ్చు. వెనక్కి పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి పాత ఓటరు కార్డుల నంబర్లు రాసుకో. పేరు ఎందుకు తీశారో మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని, బీఎల్వోను అడుగు. ఎవరైనా పేరు తొలగించమని ఫారం 7 పెట్టి తీయించారా, చనిపోయారనో ఊరు మారారనో రాశారా, తెలుస్తుంది. తర్వాత ఒక్కొక్కరి చేత పేరు చేర్చమని ఫారం 6 పెట్టించి రసీదు నంబరు దగ్గర పెట్టుకో. ఇప్పుడు 18 నిండినవాళ్లకు జనవరి ఒకటో తేదీ దాకా ఆగాల్సిన పనిలేదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వస్తాయి. మీ బజారులో అలాంటి పిల్లలుంటే వాళ్లవీ పెట్టించు.

బీఎల్వో దగ్గరికి పోయేటప్పుడు మీ పక్కింటి అబ్బాయిని తీసుకెళ్లు. వాళ్ల వైపు కూడా పేర్లు పోయినవాళ్లు ఉండే ఉంటారు, రెండు పార్టీలవాళ్లు కలిసి వెళ్లి అడిగితే బీఎల్వో వాయిదా వేయడు.